దారం చివర కొబ్బరిముక్క

కదలకూడదు. ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకోవాలి. ఎడమకాలు తిమ్మిరెక్కింది, మోకాలి మీద చీమ ఒకటి పాకుతోంది, పాకనీ, దాని పని అది చేసుకుంటోంది, నా పని నేను చేసుకుంటున్నాను. కుడిచేతి వేళ్ల మధ్య పెన్సిలు, పెన్సిలుకు దారపు ఉండ, ఆ దారం గచ్చు మీదుగా పోయి వంటింటి గడప పక్కన, గోడా నేలా కలిసే మూల దగ్గర, ఎండుకొబ్బరి ముక్కకు ముడిపడి ఉంది. సూదితో బెజ్జం చేసి మూడు ముళ్లు వేశాను. జవాబు పత్రాలు కుట్టుకునే తెల్లదారమే. మూడు కొట్టి ఎంతసేపయిందో, గడియారం వైపు తల తిప్పాలన్నా భయం. అయిదున్నరకల్లా పేపర్ల కట్టలు రెండూ కాచిగూడలో చీఫ్ ఎగ్జామినరు గారింట్లో అప్పగించాలి. యాకుత్‌పురా నుంచి రిక్షాలో ఎంత లేదన్నా ముప్పావుగంట. అంటే నా చేతిలో ఉన్నది గంట, మహా అయితే గంటంబావు. ఈలోగా ఈ ఇంట్లో ఏదో ఒక ఎలుకకు ఆకలెయ్యాలి, అది బయటికి రావాలి, కొబ్బరి వాసన పట్టాలి, ముక్కను నోట కరిచి గూటికి ఈడ్చుకుపోవాలి, దాని వెనక దారం పోవాలి, దారం వెనక నేను పోవాలి. ఆ గూట్లో నూట పన్నెండో నంబరు పేపరు తాలూకు అదనపు పత్రం ఉండాలి. ఉంటుంది. ఉండకపోతే ఎలా, ఉండి తీరుతుంది.

నూట పన్నెండు. ఆ నంబరు తప్ప పేరు లేదు, బడి లేదు, ఆడో మగో తెలియదు. అక్షరాలు గుండ్రంగా మొదలై పేజీ సగానికి వచ్చేసరికి కుడివైపు వాలిపోతాయి, రైలు అందుకోవడానికి పరుగెత్తే మనిషిలా. ఎందుకో నాకు ఆడపిల్ల అనిపించింది, అనిపించాక ఇక మగపిల్లవాడు కాలేకపోయాడు. వ్యాకరణం అంతంత మాత్రం, పద్యానికి ప్రతిపదార్థం మాత్రం శ్రద్ధగా రాసింది. జవాబు పుస్తకంలో ఉన్నదంతా దిద్దితే ఇరవై ఏడు వచ్చాయి. లేఖా వ్యాసమూ అదనపు పత్రంలో ఉన్నాయని చివరి పేజీలో బాణం గుర్తు వేసి మరీ చూపించింది. నిన్న సాయంత్రం తలనొప్పిగా ఉంటే ఆ రెండూ పొద్దున చూద్దామని పక్కన పెట్టాను. పొద్దున చూస్తే దారం కొరికేసి ఉంది, పత్రం లేదు. వంటింటి గడప దగ్గర వేలిగోరంత కాగితం చింపు దొరికింది, దాని మీద నీలం సిరాతో 'ఇట్లు' అని ఉంది. అంతే. ముప్పై అయిదు వస్తే పాసు. ఇంకా ఎనిమిది కావాలి. ఆ ఎనిమిదీ ఎలుకల దగ్గర ఉన్నాయి.

మా ఆయన కైలాసం టెలిఫోన్లలో గుమస్తా, మెత్తటి మనిషి, ఎవరితోనూ మాట పడని మనిషి. ఎనిమిదేళ్లుగా దిద్ది దిద్ది నాకు మనుషులకు కూడా మార్కులేసే జబ్బు పట్టుకుంది. ఆయనకు మంచితనంలో డెబ్బై వేస్తాను, ధైర్యంలో పన్నెండు. పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ, ఎంత సులువుగా చెప్పాడు. "గింత ఫికర్ దేనికి విమలా? సగం మార్కులేసి కట్ట కట్టెయ్. ఆ పోరడు పాసైతడు, నీకు లొల్లి తప్పుతది. ఎవరు చూస్తరు?" ఎవరూ చూడరేమో. రెండు వందల పేపర్లలో ఆ ఒక్కటే తీసి పత్రం ఉందా లేదా అని చీఫ్ ఎగ్జామినరు చూస్తాడా. చూస్తే నా పేరు మళ్లీ ఎగ్జామినర్ల జాబితాలో ఉండదు, అది వేరే సంగతి, దానికి నేను ఏడుస్తానేమో కానీ చావను. కానీ ఆ పిల్ల రెండు పేజీలు రాసింది. మూడు గంటలు ఇరుకు బల్ల మీద కూర్చుని, వేలికి సిరా అంటించుకుని, అదనపు పత్రం అడిగి తీసుకుని మరీ రాసింది. ఆ రాతను ఎవరూ చదవకుండా, నేను జాలిపడి ఇరవై అయిదుకు పన్నెండు పడేస్తే అది పాసవడమా? ముష్టి కాదూ? "అవి నా మార్కులు గావు, ఇచ్చెయ్యనీకి," అన్నాను. ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు. ధైర్యంలో పన్నెండు కూడా ఎక్కువే.

ఈ ఎలుకల సంత మాఘమాసంలో మొదలయింది. మొదట సబ్బు బిళ్ల మీద పళ్లగాట్లు, తర్వాత అప్పడాల డబ్బా, తర్వాత రేడియో తీగ, ఆయన ఆఫీసు బూట్ల లేసులు. రైలు పట్టాల పక్క ఇల్లు, పాతకాలపు సున్నపు గోడలు, బండి పోయినప్పుడల్లా గోడలోంచి ఇసుక రాలుతుంది, రాలినచోటల్లా వాటికి కొత్త దారి. బోను పెడితే రెండు పడ్డాయి, మిగతావి ఆ బోను పక్కనే పెళ్లి ఊరేగింపులా నడిచిపోయాయి. హాజరులో మాత్రం వాటికి నూటికి నూరు. మందు పెడదామంటే అత్తమ్మ పెట్టనివ్వలేదు, చచ్చి ఏ సందులో పడి కంపు కొడతాయో అని. అసలు ఆ మాట ఇంట్లో అనడానికే లేదు. మందు తెద్దామని గానీ, బోను పెడదామని గానీ పైకి అంటే అవి వింటాయట, విని ఆ రాత్రి ఆ దిక్కుకే రావట. "పేరు దీయకు బిడ్డా, ఇంటయ్ అవి," అంటుంది, చెవిలో. మూడు నెలలుగా ఈ ఇంట్లో ముగ్గురమూ దొంగల్లా గుసగుసలాడుకుంటున్నాం, ఎలుకలు మాత్రం అటక మీద బాహాటంగా కీచులాడుకుంటున్నాయి. ఒకరోజు సందులోకి సైకిలు మీద ఎలుకలమందూ నల్లులమందూ అమ్మేవాడు వచ్చి "చూహే కీ దవా, ఖట్మల్ కీ దవా" అని కేకేస్తుంటే అత్తమ్మ పరుగున పోయి తలుపులూ కిటికీలూ మూసేసింది. అవి వింటాయని. నేను నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నాను, ఆమె నా వైపు అలా చూసింది, నేనే వాటికి కబురు చేరవేస్తున్నట్టు.

ఇప్పుడు కూడా అలాగే చూస్తోంది. మధ్యగది ద్వారబంధానికి ఆనుకుని కూర్చుంది మా అత్తమ్మ నాగమణమ్మ, ఒళ్లో చీపురు, విసనకర్ర పక్కన పెట్టేసింది, ఈ ఏప్రిల్ ఉక్కలో చెమట కారుతున్నా విసురుకోవడం లేదు, చప్పుడవుతుందని. పొద్దుటి నుంచి బియ్యపు డ్రమ్ము జరిపాం, అటక దులిపాం, పొయ్యి వెనక బూడిద తీసి చూశాం. ఆమె ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడకపోవడం ఆమెకు అలవాటే కానీ ఈ మౌనం వేరు, ఇందులో ఏదో ఉంది, జవాబు తెలిసీ చెయ్యెత్తని పిల్ల మొహంలో ఉండేది. మూడున్నర బండి వస్తోంది. ముందు నేల వణుకుతుంది, తర్వాత గిన్నెలు, ఆఖరున చప్పుడు. గోడ మూల నుంచి ఇసుక సన్నగా రాలి కొబ్బరిముక్క మీద పడింది. పాడు బండి. ఇసుక పడ్డ ముక్కను ముట్టుకుంటాయా? ముట్టుకుంటాయి, సబ్బు తిన్నవాళ్లకు ఇసుకో లెక్కా. బండి చప్పుడు మాటున అత్తమ్మ నా దగ్గరికి జరిగింది, చెవి దగ్గర నోరు పెట్టి, "నేనే పెట్టిన," అంది. "బెల్లం. నిన్న రాత్రి కట్ట మీద. సదువుల తల్లి గదా అని పసుపు కుంకుమ బెట్టి, గింత బెల్లం పుట్నాలు బెట్టి మొక్కిన. బట్ట మడతల దోపిన. దియ్యనీకి యాది మరిచిన."

బండి పోయింది. నేను కదలలేదు, కదలకూడదు గనక, లేకపోతే ఏం చేసేదాన్నో. బెల్లం! ప్రభుత్వ పరీక్షల జవాబు పత్రాల కట్టకు నైవేద్యం! మూడు నెలలుగా ఎలుకల పేరెత్తనివ్వని మనిషి వాటికి విస్తరి వేసి, పిల్లల రాతలు వడ్డించింది. కోపం ఎంత వచ్చిందంటే పెన్సిలు చేతిలో విరుగుతుందేమో అనిపించింది. ఆమెకు సున్నా. సున్నా చుట్టి కింద రెండు గీతలు. అరవై ఏళ్లొచ్చాయి, ఇంత... ఇంత... కానీ ఆ కట్ట వచ్చిన రోజు గుర్తుకొచ్చి మాట అక్కడే ఆగిపోయింది. గోనెబట్టలో కుట్టి, లక్క ముద్రలేసిన కట్టలు పోస్టుమాను తెచ్చి అరుగు మీద పెట్టినప్పుడు నేను బడిలో ఉన్నాను. సంతకం చెయ్యడం రాని మా అత్తమ్మ వాటిని ఎవరినీ ముట్టుకోనివ్వక, నేను వచ్చేదాకా ఎండలో అరుగు మీదే కూర్చుందట. పక్కింటి రమాబాయి చెప్పింది, సందులో పోయే ప్రతి మనిషినీ ఆపి చెప్పిందట, మా కోడలు సర్కారు పేపర్లు దిద్దుతది అని. ఇంట్లో ఏనాడూ ఆ మాట నాతో అనలేదు. నా ముందు అన్నదల్లా అన్నంలో ఉప్పు తగ్గిందనే. అక్షరం తెలియని మనిషి అక్షరాల కట్టకు దండం పెట్టుకుంది, ఇంట్లో ఉన్న తీపి తెచ్చి పెట్టింది. దీనికి ఎన్ని మార్కులెయ్యాలో నాకు ఏ బడిలోనూ చెప్పలేదు. నేను ఆమె వైపు చూడకుండానే ఎడమచెయ్యి చాపి ఆమె మోకాలి మీద పెట్టాను. ఆ చెయ్యి అక్కడే ఉంచాను.

మా రాజమణక్క కూడా అదనపు పత్రం తీసుకుంది. ఎన్నేళ్లయింది, పదహారు. ఆ రోజు పరీక్ష నుంచి వస్తూనే, నేను అడగకముందే, "ఆరు పేజీలు రాసిన విమలా, కాయితం సాలక ఇంకోటడిగిన," అంది, కుడిచేతి మధ్యవేలి కణుపు మీద సిరామచ్చ చూపిస్తూ. తెలుగులో ముప్పై రెండు వచ్చాయి. తెలుగులో! నాకు పద్యాలు నేర్పిందే ఆమె, వంట చేస్తూ, గిన్నెలు తోముతూ, పాడుతూ నేర్పింది. మా బాపు ఒక్క మాటన్నాడు, ఇగ సాలు అని. మళ్లీ పరీక్షకు కట్టనివ్వలేదు. అక్క ఏడవలేదు, ఆరు పేజీలు రాసిన గదా, అని మాత్రం చాన్నాళ్లు అంటూ ఉండేది, ఎవరితోనో కాదు, బియ్యం ఏరుతూ తనలో తాను. ఇప్పుడు బహదూర్‌పురాలో ముగ్గురు పిల్లల తల్లి, ముగ్గురికీ పద్యాలు నోటికొచ్చు. అక్క కాగితం ఎక్కడికి పోయిందో నాకు తెలియదు, పోయిందో లేదో కూడా తెలియదు, బహుశా నిజంగానే ముప్పై రెండు వచ్చాయేమో. కానీ ఎవరో ఒకరు ఎర్ర సిరా కలం పట్టుకుని, కాగితం కనబడకపోతే లేచి వెతకలేదని నా గుండెలో ఉండిపోయింది. ఆ ఎవరో నేను కాను. ఈ గచ్చు మీద నా కాలు రాయైపోయినా సరే, నేను కాను.

దారం.

దారం కదిలిందా? లేదు, నా వేలే జారింది. లేదు, కదిలింది. మూల దగ్గర బూడిదరంగు మూతి, రెండు మీసాలు, నల్లపూస లాంటి కన్ను. అబ్బ, ఎంత చిన్నది, దీనికోసమా ఇంత. అత్తమ్మ వేళ్లు నా మణికట్టు పట్టుకున్నాయి. వాసన చూసింది, పక్కకు తిరిగింది, పోతోంది, పోవద్దు తల్లీ, తిను, కాదు, తినొద్దు, తీసుకుపో, పెద్ద ముక్క, అప్పడాలు తీసుకుపోలేదూ, నడివాకిట్లో కూర్చుని ఏనాడైనా తిన్నావా, మర్యాదగా ఇంటికి తీసుకుపో. వెనక్కి వచ్చింది. కరిచింది. లాగింది. పెన్సిలు మీద ఉండ ఒక చుట్టు తిరిగింది, రెండు, మూడు, తర్వాత లెక్క లేదు, గిరగిరా గిరగిరా, వేళ్ల మధ్య చక్కిలిగిలి పెడుతూ, దారం గోడ వారగా పాకి, వంటింట్లోకి కాదు, అటక వైపు కాదు, మేం పొద్దుటి నుంచి వెతికిన ఏ దిక్కుకూ కాదు, మా ఇద్దరి ముందు నుంచే మధ్యగదిలోకి పోయి, కిటికీ కింద ఉన్న పెద్ద కొయ్యపెట్టె వెనకాల మాయమయింది. ఆగింది. ఉండ ఆగింది. నేను లేవబోతే తిమ్మిరెక్కిన కాలు మడత పడి మోకాళ్ల మీద పడ్డాను, పడ్డదాన్ని పడ్డట్టే పాకాను, దారం పట్టుకుని, బడిలో పిల్లలు చూస్తే ఏమనుకునేవారో. దారం పెట్టె వెనక పలకలో ఉన్న కంతలోంచి లోపలికి పోయింది.

ఆ పెట్టెను ఎవరూ ముట్టరు. నేను కాపురానికి వచ్చేనాటికే దానికి తాళం, తాళంచెవి అత్తమ్మ మొలకు. మామయ్య యాకుత్‌పురా స్టేషన్‌లో రైల్వే పని చేసేవాడు, నేను రాకముందే పోయాడు, ఆయన నీలం కోటు అందులో ఉందని మా ఆయన చెప్పగా విన్నాను, తొమ్మిదేళ్లుగా ఆ పెట్టె తెరవలేదని కూడా. తెరిస్తే ఆయన వాసన పోతుందని ఆమె భయమట. నేను దారం చేతిలో పట్టుకుని ఆమె వైపు చూశాను. తెరువు అని అనలేకపోయాను. గడియారంలో నాలుగు కావడానికి అయిదు నిమిషాలుంది. ఆమె పెట్టె వైపు చూసింది, నా చేతిలో దారం వైపు చూసింది. తర్వాత మొలకున్న చెవి తీసింది. తాళం తుప్పు పట్టి తిరగలేదు. ఆమె రోకలి తెమ్మంది. నేను తెచ్చి తటపటాయిస్తుంటే, "దెబ్బకే ఊడగొట్టు, జూస్తవేంది?" అంది, మూడు నెలల్లో మొదటిసారి గట్టిగా. రెండు దెబ్బలకు గొళ్లెం ఊడి వచ్చింది.

మూత ఎత్తగానే లోపలి నుంచి ఒకేసారి ఎన్నో, నా చేతుల మీదుగా, పాదాల మీదుగా, నేను కేక పెట్టాను, భయంతో కాదు, ఎందుకో నాకే తెలియదు, అత్తమ్మ చీపురు ఎత్తి "నీయమ్మ ఎలుక! ఎలుక! ఎలుక!" అని పేరు పెట్టి పిలుస్తూ బాదింది, వీధి తలుపు బార్లా తీసి ఒక్కొక్కదాన్నీ గడప దాటించింది, ఆరు లెక్కపెట్టాను, ఏడోది నా చీర కుచ్చిళ్లలోంచి దూకి పోయింది. అరవై ఏళ్ల మనిషిలో ఆ ఊపు ఎక్కడ దాచిందో. పెట్టెలో నీలం కోటు. చేతులు రెండూ తినేసి ఉన్నాయి, ఇత్తడి గుండీలు మాత్రం మెరుస్తున్నాయి, ఛాతీ దగ్గర దూదీ గడ్డీ కాగితపు ముక్కలూ కలిపి గూడు, గూట్లో కళ్లు తెరవని పిల్లలు అయిదు, పక్కన దారంతో సహా నా కొబ్బరిముక్క. కాగితపు ముక్కలన్నీ క్యాలెండరువి, వార్తాపత్రికవి. అత్తమ్మ కోటు పట్టుకుని ఎత్తింది. ఎత్తితే దాని లోపలి జేబులో సగం దూరి, సగం బయటికి వేలాడుతూ, నాలుగు మడతల కాగితం. నీలం సిరా. కుడివైపు వాలిన అక్షరాలు.

ఉంది. ఉంది, ఉంది, ఉంది. విప్పి చూశాను, అంచు పొడుగునా కొరికారు, కింద మూల పోయింది, అది నా దగ్గరే ఉంది, వ్యాసంలో ఆఖరి రెండు వరుసలు తిన్నారు, తినండి, అంతకు మించి ఒక్క అక్షరం పోలేదు. నేను అత్తమ్మను కావలించుకున్నాను. ఆరేళ్లలో మొదటిసారి. ఆమెకు ఏం చెయ్యాలో తెలియక చీపురు పట్టుకునే నిలబడింది, తర్వాత నా వీపు మీద రెండుసార్లు తట్టింది, గట్టిగా. తర్వాత కోటు చేతుల్లోకి తీసుకుని ముఖం దగ్గర పెట్టుకుని చూసింది. "ఎలుకల వాసనే," అంది. అంతే అంది. గూడు, పిల్లలు, కోటు అన్నీ కలిపి మూటగట్టుకుని పట్టాల అవతలి చెత్తకుప్ప దిక్కుకు నడిచింది. ఆగమన్నా ఆగలేదు. ఇత్తడి గుండీలు తెంపి ఇవ్వనా అని అడిగాను. తల అడ్డంగా ఊపింది. నాకు ఏడుపొచ్చింది, ఏడవడానికి తీరిక లేదు. గోడలో పెట్టె వెనకున్న కంతలో ఇటుకముక్కలూ గాజుపెంకులూ కూరి, చేతులు కడుక్కుని, ఎర్ర కలం తీశాను.

ఆమె తిరిగొచ్చేసరికి నేను లేఖ చదువుతున్నాను. "పైకి సదువు," అంది. చదవకూడదు, నియమం, కానీ ఈ కాగితం తెచ్చిందే ఆమె. పురపాలక కమిషనరుకు నీటి ఎద్దడి గురించి లేఖ. అందరూ రాసేదే. "అయ్యా, మా బస్తీలో నల్లా ఒక్కటే. నీళ్లు వచ్చేది తెల్లవారుజామున. తమరు ఒక్కరోజు వచ్చి మా వరుసలో నిలబడితే నేను ఈ ఉత్తరం రాయవలసిన అవసరం ఉండదు." అత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. "గట్లనే అడగాలె. గట్లనే." తప్పులు రెండున్నాయి, 'తెల్లవారు'లో వత్తు మింగింది, తేదీ వెయ్యలేదు. పదికి ఏడు. వ్యాసం వార్తాపత్రికల ప్రయోజనాల మీద, మొదటి సగం బాగుంది, రెండో సగంలో చెప్పిందే చెప్పింది, ముగింపు ఎలుకలు తిన్నాయి, తిన్నదానికి నేనేమీ ఊహించుకోలేదు. పదిహేనుకు ఏడు. రెండుసార్లు కూడాను. మూడోసారి వేళ్ల మీద కూడాను. ఇరవై ఏడూ ఏడూ ఏడూ. నలభై ఒకటి. కావలసిన దానికన్నా ఆరు ఎక్కువ. అందులో నా దయ ఒక్క మార్కు కూడా లేదు, అన్నీ దాని రాతే. అన్నంమెతుకుతో 'ఇట్లు'ను దాని చోట అతికించి, కొత్త దారంతో కుట్టి, నలభై ఒకటి చుట్టూ ఎర్రగా సున్నా చుట్టాను.

"పాసయిందా?" అంది అత్తమ్మ.

"చెప్పొద్దు అత్తమ్మా. కన్నతల్లికి గూడ చెప్పొద్దని రూలు."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను బిగబట్టుకున్న నవ్వు ఎంత దాచినా ఆగలేదు. ఆమె చెంగు బిగించి వీధిలోకి నడిచింది, రైల్వే గేటు దాకా వినిపించే గొంతుతో కేకేసింది. "ఏ రిక్షా! ఇధర్ ఆ, జల్ది! కాచిగూడకు పోవాలె! మా పిల్ల పాసయింది!"

ఆ పిల్ల ఎవరో ఆమెకు తెలియదు, నాకూ తెలియదు. నేను ఆ మాట దిద్దలేదు.